భాగ్య వంతు నీళ్లు

భాగ్యశ్రీ పోయిన రోజు మా గేటు కింది నుంచి నీళ్లు వీధిలోకి పారాయి.

ఒంటిపూట బడులు అప్పుడే మొదలయ్యాయి. మధ్యాహ్నం బడి విడిచాక, కోరుట్ల బస్టాండు వెనక మా వీధి మలుపు తిరిగేసరికి దూరం నుంచే తడి కనిపించింది. భాగ్య నల్లా కట్టేయడం మరిచిపోయిందేమో అనుకున్నాను. గేటు తీస్తే మందార చెట్టు పాదు నిండి, సిమెంటు గట్టు దాటి, వాకిలంతా నీళ్లు. చెట్టు పక్కన కుర్చీలో నా భార్య కూర్చొని ఉంది. రబ్బరు పైపు ఒళ్లోంచి జారి కాళ్ల దగ్గర పడి ఉంది. తల ఒక పక్కకు వాలింది. నేను ముందు నల్లా కట్టేశాను. ఆ తర్వాతే ఆమెను పిలిచాను.

సాయంత్రం ఎవరో చల్లటి నీళ్ల కోసం ఫ్రిజ్ తీశారు. పై అరలో భాగ్య సీసా ఉంది. అందులో సగం నీళ్లు మిగిలి ఉన్నాయి.

"అది ముట్టకుండ్రి" అన్నాను. ఆ రోజంతా నేను గట్టిగా అన్న మాట అదొక్కటే.

ఆ సీసాలోవి ఆమె రోజు మొత్తానికి తాగదగిన నీళ్లు. కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాక మూడేళ్లు మేము జగిత్యాలకు డయాలసిస్‌కు తిరిగాం. ఒంట్లోకి పోయిన నీళ్లకు బయటికి దారి లేదు కనుక రోజుకు ఒక్క చిన్న సీసా దాటవద్దని డాక్టర్లు చెప్పారు. చాయ్, మజ్జిగ, పప్పుచారు అన్నీ అందులోంచే మినహాయించుకోవాలి. పొద్దున సీసా నింపి ఇచ్చేది నేనే. ఆమె సగం మధ్యాహ్నం లోపు తాగి, సగం సాయంత్రానికి దాచుకునేది. ఎండాకాలం ఆ సగం కూడా అయిపోయాక నా ముందుకు వచ్చి, మా బడిపిల్లల లాగా చేయెత్తి, "సార్, నీళ్లు తాగొస్త సార్" అనేది.

"కూసో" అనేవాణ్ని నేను, బడిలో అన్నట్టే.

ఆమె నవ్వేది. ఫ్రిజ్‌లోంచి ఒక మంచు ముక్క తీసి చప్పరించుకుంటూ వాకిట్లోకి పోయేది. మందారం మొదట్లో మట్టిలోకి చూపుడు వేలు రెండు కణుపుల దాకా దించి చూసేది. లోపల పొడిగా ఉంటేనే నల్లా తిప్పేది. డయాలసిస్ సూదుల కోసం ఫిస్టులా చేసిన చేత్తో బకెట్ ఎత్తకూడదని పైపు పెట్టించాను. నీళ్లు మట్టిలో ఇంకుతుంటే కుర్చీ దగ్గరికి లాక్కొని వంగి వినేది.

"ఇను. తాగుతున్నది" అనేది నాతో. "నా వంతు సుత నువ్వే తాగు తల్లీ" అనేది చెట్టుతో.

అది ఆమె పుట్టిల్లు తంగళ్ళపల్లి నుంచి తెచ్చి నాటిన కొమ్మ. అయిదు రెక్కల ఎర్ర మందారం. ప్రహరీ దాటి పెరిగాక పక్కింటి నాగవ్వ రోజూ తెల్లవారకముందే కొంకి కట్టెతో అవతలి నుంచి పూలు లాగేది. భాగ్య ఇవతల కూర్చొని, "నాగవ్వా, పై కొమ్మకు రెండున్నయ్, అవి ఇడిసిపెట్టినవ్" అని దారి చూపేది. "నా పూజకు నువ్వు అడ్డం రాకు" అని గోడ అవతలి నుంచి నాగవ్వ కసిరేది.

*

భాగ్య అమ్మ సత్యవ్వ తంగళ్ళపల్లి నుంచి కిరాయి కారులో వచ్చి దిగుతూనే శోకం ఎత్తుకుంది. మా వైపు ఆడవాళ్లు శవం ముందు కూర్చొని, పోయినవాళ్ల బతుకంతా రాగం తీసి చెప్పి ఏడుస్తారు. ఆ రాగంలో అన్న మాటకు ఎవరూ అడ్డం చెప్పరు.

"గుక్కెడు నీళ్లకు మొకం వాసినవా నా బిడ్డా... చెట్టుకు పోసిండ్రు, నీకు పొయ్యకపోయిరి నా తల్లీ..."

మా బడి టీచర్లు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి, తర్వాత నేలను చూశారు.

డాక్టర్లు చెప్పింది సత్యవ్వకు తెలియక కాదు. కానీ కిందటి ఎండాకాలం తాను మా ఇంట్లో ఉన్నప్పుడు బిడ్డ చెంబెడు నీళ్లు అడగడం, అల్లుడు లేదనడం ఆమె కళ్లారా చూసింది.

దినాలు అయ్యేదాకా మందారాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చావు అంటు ఉన్న ఇంట్లో దేవుడికి పెట్టే పూల చెట్టు మీద చేయి వేయకూడదని మావాళ్ల పట్టింపు. నాగవ్వ కూడా కొంకి కట్టె తీయలేదు. పూలు విచ్చి, ముడుచుకొని, పాదులో రాలాయి. ఎండలు ముదిరాయి. పదకొండో రోజు చుట్టాలు వెళ్లేటప్పటికి ఆకులు వాలిపోయి ఉన్నాయి.

మా మామ పరశురాములు సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. పని వదిలి ఎక్కువ రోజులు ఉండలేడు. సంచి భుజాన వేసుకొని, "సత్తెవ్వా, పోదామా?" అన్నాడు.

"నువ్ పో. నేను బడులు తెరిసేదాక ఉంట."

"అల్లునికి అన్నం వండెతందుకా, కొట్లాడెతందుకా?"

"రెండిటికి" అంది సత్యవ్వ. ఆమె చూపు నా మీద లేదు. చెట్టు మీద ఉంది. "నా బిడ్డను ఎండగొట్టిండ్రు. దీన్ని ఎండనియ్య."

*

ఆ రోజు నుంచి సత్యవ్వ చెట్టుకు పొద్దున రెండు బిందెలు, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకాక మళ్లీ రెండు పోసేది. నల్లరేగడి నేల, చుట్టూ సిమెంటు గట్టు. పోసిన నీళ్లు పాదులోనే నిలిచేవి. అన్నం వార్చిన గంజి కూడా తెచ్చి మొదట్లో పోసేది. ఆమె మగ్గం ఇంట్లో పుట్టి, మగ్గం ఇంటికే కోడలుగా వెళ్లిన మనిషి. చేతిమగ్గాల రోజుల్లో వీధి పొడుగూ పడుగు పరిచి, కుంచెతో నూలుకు గంజి పట్టించిన చేతులవి.

"గంజి పెట్టని పోగు పుటుక్కున తెగుతది" అంది నేను చూస్తుంటే. "చెట్టుకు మాత్రం బలం అద్దా?"

మొదటి వారం ఆకులు లేచాయి. సత్యవ్వ నాగవ్వను పిలిచి మరీ చూపించింది. రెండో వారం కింది ఆకులు పసుపు పచ్చగా మారి రాలడం మొదలైంది. మొగ్గలు విచ్చకుండానే తొడిమతో ఊడిపడ్డాయి. గంజి ఎండి మట్టి మీద తెల్లటి పెచ్చు కట్టింది. దానికి చీమలు పట్టాయి. చీమలతో పాటు కొమ్మల సందుల్లో పిండి చల్లినట్టు పురుగు కనిపించింది. ఆకులు మళ్లీ వాలాయి. ఆకు వాలితే సత్యవ్వ ఇంకో బిందె పోసేది.

నీళ్లు ఎక్కువయ్యాయని నాకు తెలుస్తూనే ఉంది. ఆమె లోపలికి వెళ్లినప్పుడు మట్టిలో వేలు దించి చూశాను. వేలు బురదలోకి పోయింది. ఆ మాట చెబుదామని వంటింటి గడప దాకా వెళ్లాను. సత్యవ్వ బిందె కడుగుతూ తలెత్తింది.

"ఏంది అల్లుడా?"

"ఏం లేదత్తా."

నీళ్లు తగ్గించమని ఆ ఇంట్లో, ఆమెతో, నేను ఎట్లా చెప్పను? రోజుకు కొంచెం చొప్పున చెట్టు చచ్చిపోతోంది. భాగ్య చేయి పడి పెరిగినది అదొక్కటే మిగిలింది. దాన్ని బతికించే మాట నా నోట్లోనే ఉంది. ఆ మాట నా నోటి నుంచి రాకూడదు. ఏప్రిల్ అంతా అట్లాగే గడిచింది. పొద్దున బడికి పోయేటప్పుడు రాలిన ఆకులు ఊడ్చి గోడ పక్కన పోసేవాణ్ని. ఆ కుప్ప పెద్దదయింది.

*

బడులకు ఎండాకాలం సెలవులు ఇచ్చిన తర్వాత మా బిడ్డ సుస్మిత వచ్చింది. జగిత్యాల పక్కన పొలాసలో అగ్రికల్చర్ చదువుతోంది. పరీక్షలు ముగించుకొని బట్టల బ్యాగుతో దిగింది. తల్లి దినాల తర్వాత ఇంటికి రావడం అదే. గేటు తీసి లోపలికి వస్తూ చెట్టును చూసి ఆగిపోయింది. లోపలికి వచ్చి చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగింది. నేనూ వంటింట్లోకి వెళ్లి తలుపు చాటున గ్లాసు ఎత్తాను.

"నీళ్లు తాగెతందుకు మీ బాపు కల్లు తాగినట్టు చాటుకు పోతడేందే?" అంది సత్యవ్వ వాకిట్లోంచి. "నేనచ్చిన కాడికెళ్లి చూస్తున్న. ఈడ తాగితే ఎవలన్న గుంజుకుంటరా?"

సుస్మిత నా వైపు చూసింది. నేను గ్లాసు కడిగి బోర్లించాను.

కాసేపటికి అమ్మమ్మ బిందె ఎత్తుకొని చెట్టు దగ్గరికి పోతుంటే సుస్మిత ఎదురెళ్లింది.

"అమ్మమ్మా, ఆగు. నీళ్లు బందు పెట్టాలె."

"ఏంది?"

"పది పదిహేను రోజులు సుక్క సుత పొయ్యద్దు. గంజి అసలే అద్దు."

సత్యవ్వ బిందె దించింది. గట్టిగా దించడంతో నీళ్లు చిందాయి.

"మీ బాపు నేర్పిండా నీకు గీ మాట? మీ అమ్మకు సుత గిట్లనే కొలిచి పోసిండు. ఇంట్ల ఇంకోటి మిగిలిందని దీని మీద పడ్డరా? సూడు, ఎట్ల తల ఏలాడేసుకున్నదో. దానికి నీళ్ల దూప అయితలేదా?"

నేను అరుగు మీద కూర్చొని ఉన్నాను. లేవలేదు.

సుస్మిత కోపం చేసుకోలేదు. లోపలి నుంచి ఖురుపీ తెచ్చి, చున్నీ నడుముకు చుట్టి, పాదులో మోకాళ్ల మీద కూర్చొని మట్టి తవ్వింది. మురుగు వాసన వచ్చింది. ఒక వేరును వేళ్ల మధ్య పట్టుకొని లాగితే పై తోలు మెత్తగా జారి చేతికి వచ్చింది. లోపల నల్లగా ఉంది.

"ఇగో, చూడు. వేర్లు కుళ్లినయ్. చుట్టూ నీళ్లే ఉన్నా పీల్చుకునే శక్తి దీనికి లేదు. గందుకే వాడింది."

"నీళ్లల్ల ఉండి ఎండుడేంది బిడ్డా?"

"అమ్మకు కాలేదా?" అంది సుస్మిత. మట్టి మీదనే కళ్లు పెట్టి అంది. "కాళ్లు వాచి, చెప్పులు పట్టకపోయేటియి. అప్పుడు సుత దూప దూప అనేది."

గోడ అవతల నాగవ్వ గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

సత్యవ్వ చాలాసేపు ఆ వేరునే చూసింది. తర్వాత బిందె ఎత్తుకొని లోపలికి వెళ్లి గాబులో పోసేసింది. ఆ పూట కూడా అన్నం వండింది.

మర్నాడు నేను గడ్డపార తీసి పాదు చుట్టూ ఉన్న సిమెంటు గట్టును పల్లం వైపు పగలగొట్టాను. ఆ గట్టు భాగ్య మేస్త్రీ దగ్గర నిలబడి కట్టించుకున్నది. సుస్మిత పాత మట్టి ఎత్తిపోసి, ఇసుక కలిపిన మట్టి నింపింది. సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి కొమ్మ కొమ్మా తుడిచి పిండి పురుగు తీసింది. మే ఎండలో ఇక చెట్టు దాని మానాన అది నిలబడాలి.

*

చూడటమే ఉంది, చేయడానికి ఏమీ లేదు. తెల్లవారుజామున ఆకులు కొంచెం నిక్కేవి. పది దాటితే మళ్లీ వాలేవి. మధ్యాహ్నానికి వడగాలికి ఊగే బలం కూడా లేక, తడిగుడ్డలు ఆరేసినట్టు వేలాడేవి. సత్యవ్వ కుర్చీ చెట్టు దగ్గర వేసుకొని కూర్చునేది. అది భాగ్య కూర్చున్న కుర్చీ. ఎండ కొడుతుంది, లోపలికి రమ్మంటే వినేది కాదు.

"నాగవ్వా, మీ ఇంట్ల చెట్లకు పోసినవా?" అని గోడ అవతలికి అడిగేది.

"పోసిన."

"పొయ్యి పొయ్యి. నీకేం, పోసుకునే రాత ఉన్నది."

ఒకరోజు సుస్మిత ఏదో పని మీద బజారుకు వెళ్లింది. నేను వరండాలో పేపరు పట్టుకొని కూర్చున్నాను. సత్యవ్వ లోపలి నుంచి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. చెట్టు దగ్గర నిలబడింది. చెంబు వంచింది. నీళ్లు అంచు దాకా వచ్చాయి. అట్లాగే పట్టుకుంది. ఆమె నన్ను చూడలేదు. నేను పేపరు తిప్పలేదు.

చెంబు నిలబెట్టుకొని వెనక్కి వచ్చింది. నీళ్లు మళ్లీ బిందెలో పోసేసింది. ఒక్క చుక్క కింద పడకుండా పోసింది. వచ్చి వరండా స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది.

"అల్లుడా."

"ఆఁ, అత్తా."

"మూడేండ్లు గిట్లనే చూసినవా?"

నేను పేపరు మడిచాను. దేనికో ఒకదానికి చేతులు కావలసి వచ్చింది.

"చూసిన" అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకొని లోపలికి వెళ్లింది. గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. నేను అలవాటు చొప్పున గ్లాసు తీసుకొని వంటింటి వైపు లేచాను. భాగ్య ముందు నీళ్లు తాగకూడదని మూడేళ్లు చేసుకున్న అలవాటు అది. కాళ్లు వాటంతట అవే అటు పోతాయి.

"ఈడనే తాగు" అంది సత్యవ్వ. "కూసో. నా ముంగటనే తాగు."

కూర్చొని తాగాను. గొంతులో చప్పుడు పెద్దగా వినిపించింది.

*

జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు సుస్మిత కత్తెర తీసింది. కుళ్లు ఎక్కిన కొమ్మలన్నీ మోకాలి ఎత్తుకు కొట్టేయాలంది. సత్యవ్వ అడ్డం చెబుతుందనుకున్నాను. ఆమే కొమ్మ వంచి పట్టుకుంది. భాగ్య ఉండగా వేసిన కొమ్మలు, ఆమె చూసిన ఆకులు, అన్నీ వాకిట్లో పడ్డాయి. మొదలు, నాలుగు మోళ్లు మిగిలాయి. నాగవ్వ గోడ మీంచి చూసి, "ఇగ నా దేవునికి పస్తే" అంది.

"మీ దేవుడు ఇన్నొద్దులు దొంగ పూలే తిన్నడు, జర ఆగమను" అంది సత్యవ్వ. ఆమె అట్లా ఎగతాళి చేయగా వినడం భాగ్య పోయాక అదే మొదలు. గొంతు భాగ్యదే.

కొట్టేసిన వాటిలో గట్టిగా, ఆకుపచ్చగా ఉన్న ముక్కలు కొన్ని సుస్మిత ఏరింది. తంగళ్ళపల్లిలో ఆ పాత చెట్టు ఎప్పుడో పోయిందట. మురుగు మోరీ కట్టేటప్పుడు తీసేశారట. "మల్ల ఆడనే పెడుత" అంది సత్యవ్వ. తడి గుడ్డలో ముక్కలు చుట్టి సంచిలో పెట్టుకుంది. బయల్దేరే ముందు ఇల్లు మొత్తం సర్దింది. ఫ్రిజ్ ఖాళీ చేసి, అరలు తీసి కడిగి, తుడిచి, అన్నీ ఎక్కడివక్కడ పెట్టింది. భాగ్య సీసాను కూడా పైన తుడిచి, మూత గట్టిగా ఉందో లేదో చూసి, పై అరలోనే పెట్టి తలుపు వేసింది.

నేనే తీసుకుపోయి దిగబెట్టాను. రుద్రంగి మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. బస్సులో ఆమె సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మధ్యలో ఒకసారి చేయి లోపల పెట్టి గుడ్డ తడి చూసింది. దారిలో తాగేందుకు తెచ్చుకున్న నీళ్ల సీసా తీసి కొంచెం చల్లబోయి ఆగింది.

"తడి ఉన్నది" అంది తనలో తాను. మూత పెట్టేసింది.

తంగళ్ళపల్లిలో ఇంటి ముందు ఆటో దిగేసరికి మామ ఆ పొద్దు సాంచాల పని ముగించుకొని అప్పుడే వచ్చాడు. చొక్కా మీద దారపు నలకలు ఉన్నాయి. సంచిలోంచి కొమ్మలు తీస్తుంటే చూసి నవ్వాడు.

"అల్లుడా, మీ అత్త చేతికి ఇచ్చినవా చెట్టును? వారం తిరిగెటాల్లకు చెరువు చేస్తది."

"నీకేం తెలుసు" అంది సత్యవ్వ. నల్లా పక్కన కాకుండా కాస్త ఎత్తుగా ఉన్న చోటు చూసుకొని మట్టి తవ్వింది. కొమ్మ గుచ్చింది. చెంబుతో కొన్ని నీళ్లు పోసి, మట్టిలో వేలు దించి చూసింది. రెండు కణుపుల దాకా.

అది ఎవరి దగ్గర నేర్చుకుందో నేను అడగలేదు. నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

*

బడులు తెరిచారు. సుస్మిత పొలాసకు వెళ్లిపోయింది. వానలు నిలకడగా పడుతున్నాయి. మందారం మోళ్లలో ఒకదానికి పక్క నుంచి ఎర్రటి చిగురు వచ్చింది. మిగతావాటి సంగతి ఇంకా తెలియదు. సత్యవ్వ ఫోన్ చేసి తన కొమ్మకు ఆకు పడిందని చెప్పింది. "నీ దానికి పూత ఎప్పుడు?" అని అడిగింది. తెలియదన్నాను. నాగవ్వ కొంకి కట్టె గోడకు ఆనించే ఉంచింది.

సాయంత్రం బడి నుంచి వచ్చాక కుర్చీ చెట్టు దగ్గర వేసుకుంటాను. ఎవరూ చేయెత్తి నీళ్లకు అడగరు. ఆ మాట కోసం వింటూ చాలాసేపు కూర్చుంటాను.

ఫ్రిజ్‌లో ఉన్న ఆ సగం సీసా చెట్టుకే పోయాలని అనుకున్నాను. అవి భాగ్య వంతు నీళ్లు. ఆమె వంతు అది తాగాలి. సీసా తీసుకొని వాకిట్లోకి వెళ్తాను. మూత తీసేముందు మట్టిలో వేలు దించి చూస్తాను. తడిగానే ఉంటుంది. సీసా తెచ్చి మళ్లీ పై అరలో పెడతాను.

ఆ నీళ్లు ఇంకా పోయలేదు.